పదవి దిగాకే అసలు కొలువు



ఈ శీర్షికలో మామూలుగా డిపాజిట్ల గురించి, నామినేషన్ల గురించి, లాకరు తాళాల గురించి రాస్తుంటాను. ఈసారి వడ్డీ లెక్కలు కాస్త పక్కన పెట్టి, ఒక మనిషి జీవితం లెక్క చూద్దామనిపించింది. 2024 డిసెంబరు 29న అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ప్లెయిన్స్ అనే పల్లెటూళ్ళో, నూరేళ్ళు నిండిన పెద్దాయన ఒకరు సొంత ఇంట్లో కన్నుమూశారు. పేరు జిమ్మీ కార్టర్. నౌకాదళంలో అధికారి, వేరుశనగ వ్యాపారి, చర్చిలో సండే స్కూలు పంతులు, నలుగురు పిల్లల తండ్రి, మధ్యలో ఓ నాలుగేళ్ళు అమెరికా అధ్యక్షుడు. అధ్యక్ష పదవిని చివర్లో ఎందుకు చేర్చానో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

"అమెరికా ప్రెసిడెంటుకూ మన సంఘం పత్రికకూ ఏం చుట్టరికమండీ?" అనేవాళ్ళుంటారు. చుట్టరికం ఉంది. బొంబాయిలో ఉంటున్నవాళ్ళకు మరీ దగ్గరిది. సెంట్రల్ లైనులో రోజూ వచ్చిపోయేవాళ్ళం విక్రోలి స్టేషను దాటుతూనే ఉంటాం. ఆ విక్రోలిలో, గోద్రెజ్ కార్మికుల కాలనీలో, 1966 నుంచి 1968 దాకా ఒక అమెరికన్ ముసలమ్మగారు నర్సుగా సేవ చేశారు. ఆవిడ పేరు లిలియన్. జిమ్మీ కార్టర్‌కు కన్నతల్లి. పుట్టినరోజు చూడండి, ఆగస్టు 15. 1898లో పుట్టారు కనుక విక్రోలికి వచ్చేనాటికి అరవై ఎనిమిదేళ్ళు. భర్త పోయారు, పిల్లలు స్థిరపడ్డారు, ఇక కుర్చీలో కూర్చుని మనవలను ఆడించుకోవలసిన వయసు. ఆ వయసులో పీస్ కోర్‌లో పేరు రాయించుకుని సముద్రాలు దాటి వచ్చారు. మొదట కుటుంబ నియంత్రణ పని అప్పగించారు, తర్వాత దవాఖానాలో రోగుల సేవ. కుష్ఠురోగులనూ దగ్గరికి తీశారు. ఇక్కడి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో మన రాష్ట్రపతి ఫకృద్దీన్ అలీ అహ్మద్ మరణిస్తే, అంత్యక్రియలకు అమెరికా తరఫున కొడుకు తల్లినే పంపారు. ఆవిడ ఆ ప్రయాణంలో విక్రోలి కూడా వెళ్ళి పాతవాళ్ళను పలకరించి వచ్చారు.

తల్లి ఇంత గట్టిదైతే కొడుకు ఎలా పెరిగాడో ఊహించుకోవచ్చు. 1924 అక్టోబరు 1న పుట్టారు. ఆసుపత్రిలో పుట్టిన మొదటి అమెరికా అధ్యక్షుడు ఆయనే. తల్లి పనిచేసిన ఆసుపత్రే అది. తండ్రి రైతు, కొట్టు కూడా నడిపేవారు. వాళ్ళ పొలం ఊరికి దూరంగా ఉండేది, కరెంటు లేదు, ఆటపాటలకు తోడు చుట్టుపక్కల నల్లజాతి కూలీల పిల్లలే. ఐదారేళ్ళ కుర్రవాడు ఉడకబెట్టిన వేరుశనగకాయలు పొట్లాలు కట్టి ప్లెయిన్స్ వీధుల్లో అమ్మేవాడు. అలా కూడబెట్టిన చిల్లరతో, పత్తి ధర పౌను ఐదు సెంట్లకు పడిపోయిన రోజుల్లో కొన్ని బేళ్ళు కొని దాచాడు. కొన్నేళ్ళకు ధర పద్దెనిమిది సెంట్లకు పెరిగాక అమ్మి, ఆ డబ్బుతో ఐదు చిన్న ఇళ్ళు కొని అద్దెకిచ్చాడు. బీకాం చదివి ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో పనిచేసిన నాబోటివాడికి ఇది చదివితే కాస్త అసూయగానే ఉంటుంది.

కాని ఆ కుర్రవాడి మనసు డబ్బు మీద లేదు, సముద్రం మీద ఉంది. 1946లో నౌకాదళ అకాడమీలో పట్టా పుచ్చుకున్నారు. అదే ఏడాది జూలై 7న తమ ఊరి పిల్ల రోజలిన్‌ను పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ పుట్టినప్పుడు దగ్గరుండి చూసుకున్న నర్సు లిలియన్ గారే. మూడేళ్ళ జిమ్మీని వెంటబెట్టుకెళ్ళి ఉయ్యాల్లో పాపను చూపించారట. మన మేనరికాల్లో కూడా ఇంత ముందు చూపు కనబడదు.

తర్వాత ఏడేళ్ళు కొలువు. ఎక్కువ భాగం జలాంతర్గాముల్లో. ఒకసారి పసిఫిక్ మహాసముద్రంలో తుపాను రేగిన రాత్రి పెద్ద అల వచ్చి డెక్కు మీద నిలబడ్డ ఆయనను ఎత్తి పడేసింది. ఓడ మీది ఫిరంగి గొట్టం చేతికి దొరికి బతికారు. 1952 డిసెంబరులో కెనడాలోని చాక్ రివర్ అణు రియాక్టరులో ప్రమాదం జరిగింది. అప్పటికి అమెరికా నౌకాదళంలో అణుశక్తి గురించి తెలిసినవాళ్ళు బహు కొద్దిమంది. ఇరవై ఎనిమిదేళ్ళ కార్టర్ తన జట్టుతో అక్కడికి వెళ్ళారు. లోపల మనిషి ఉండగలిగేది సుమారు తొంభై సెకన్లు. అందుకని బయట టెన్నిస్ కోర్టులో రియాక్టరుకు నమూనా కట్టి, ఎవరు ఏ బోల్టు విప్పాలో సాధన చేసి, ఒక్కొక్కరే లోపలికి దిగి, తన వంతు మరలు విప్పి పైకి వచ్చేవారు. ఆరు నెలల దాకా ఆయన మూత్రంలో రేడియోధార్మికత కనబడిందట. యుద్ధరంగంలో తుపాకి పేల్చినవాడు కాదు గాని, సైనికుడు ప్రాణం పణంగా పెట్టడమంటే ఇదే కదా. 1977 జనవరిలో అధ్యక్షుడైన మర్నాడే, వియత్నాం యుద్ధానికి పోకుండా తప్పించుకున్న కుర్రాళ్ళకు క్షమాభిక్ష ఇచ్చారు. పాత సైనికులు చాలామంది మండిపడ్డారు. తానూ పాత సైనికుడే గనుక ఆ మాట పడగలిగారు.

ఇప్పుడు అసలు మలుపు. 1953లో తండ్రి క్యాన్సరుతో పోయారు. మంచాన ఉన్న తండ్రి దగ్గర కూర్చున్న రోజుల్లో ఊళ్ళోవాళ్ళు, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ, ఒక్కొక్కరే వచ్చి ఆయన చేసిన మేలు తలుచుకుని వెళ్ళడం కొడుకు చూశారు. నేను అడ్మిరల్‌నైనా నా కోసం ఇంతమంది వస్తారా అన్న ఆలోచన పట్టుకుంది. ఉద్యోగం వదిలి ఊరికి పోదామని తీర్మానించుకున్నారు, భార్యను అడగకుండా. రోజలిన్ గారికి ఒళ్ళు మండిపోయింది. ఓడరేవు పట్టణాల్లో, హవాయి దీవుల్లో సొంతంగా సంసారం చేసుకుంటున్న ఇల్లాలు. ముగ్గురు మగపిల్లలతో మళ్ళీ అత్తగారి ఊరికి పోవడమా? కారులో దారి పొడుగునా భర్తతో మాట్లాడలేదు. ఏమన్నా చెప్పాలంటే పెద్దకొడుకు చేత చెప్పించేవారట.

ఈ ఘట్టం చదువుతుంటే నాకు మా ఇల్లే గుర్తుకొచ్చింది. మా తాత పాలమూరు నుంచి బతుకుతెరువుకు బొంబాయి చేరినవాడు. నాకు రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. "ఊరికి పోయి ఓ చిన్న ఇల్లు కట్టుకుందామా" అని నేనంటే, "ఆ ఊళ్ళో మనకెవరున్నారండీ? పిల్లలు ఇక్కడే పుట్టారు, నేనూ ఇక్కడే పుట్టాను" అంటుంది మా ఆవిడ. షోలాపూరులో, బరంపురంలో, హోసూరులో, బళ్ళారిలో ఉన్న మన కుటుంబాల్లో ఈ మాట నడవని ఇల్లు ఉండదనుకుంటాను. కార్టర్ దంపతుల కథ ఆ ప్రశ్నకు జవాబు చెప్పదు గాని, ఒక సంగతి మాత్రం చెబుతుంది. ఊరు మనల్ని పిలవదు. మనమే అక్కడ ఒక పని వెతుక్కోవాలి. ఆ పనిలో ఇద్దరికీ చోటుండాలి.

వాళ్ళకు మొదటి ఏడాది పని దొరికింది గాని తిండి దొరకలేదు. కరువు వచ్చింది. పద్దు తీస్తే ఏడాది మొత్తానికి లాభం మూడు వందల డాలర్లు కూడా లేదు. పేదలకు ప్రభుత్వం కట్టిన ఇళ్ళలో ఒకదాంట్లో కాపురం. అప్పుడు రోజలిన్ గారు గిడ్డంగిలోకి వచ్చి ఫోనులు ఎత్తడం మొదలుపెట్టారు, తర్వాత పద్దుల పుస్తకం పుచ్చుకున్నారు. అకౌంట్సు పుస్తకాలు తెచ్చుకుని తనంతట తానే నేర్చుకుని, ఏ సరుకులో లాభముందో ఏది మానుకోవాలో భర్తకే చెప్పే స్థితికి వచ్చారు. దారి పొడుగునా మాట్లాడని ఇల్లాలు వ్యాపారంలో సగం పాలు అయింది. ఆ తర్వాత ఆయన భార్యను అడగకుండా పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోలేదని చెప్పుకునేవారు.

అది జాతి వివక్ష రాజ్యమేలుతున్న కాలం. నల్లవాళ్ళకు సమాన హక్కులు రాకుండా చూడటానికి తెల్లవాళ్ళు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. ప్లెయిన్స్‌లో అందరూ చేరారు, కార్టర్ చేరనన్నారు. చందా మేమే కడతాం, పేరు రాయనివ్వు చాలన్నారు. ఒప్పుకోలేదు. కొంతకాలం ఆయన గిడ్డంగికి సరుకు రాకుండా చేశారు. 1965లో వాళ్ళ బాప్టిస్టు చర్చిలో నల్లవాళ్ళను ఆరాధనకు రానివ్వకూడదని తీర్మానం పెట్టారు. కార్టర్ లేచి నిలబడి వద్దన్నారు. ఓట్లు లెక్కిస్తే ఆయన పక్షాన పడ్డవి ఆయన కుటుంబం ఓట్లు, మరొక్కటి. ఊళ్ళో వ్యాపారం చేసుకునేవాడికి ఇది ఎంత కష్టమో కొట్టు పెట్టినవాళ్ళకు తెలుసు. మన ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల బాప్టిస్టు సంఘాలు అమెరికా మిషనరీలు నాటినవే. ఏ చర్చి అయినా, ఏ గుడి అయినా తలుపు దగ్గర మనిషి కులమో రంగో అడిగిందంటే అక్కడ పరీక్ష దేవుడికి కాదు, లోపల కూర్చున్నవాళ్ళకు.

అంతమాత్రాన ఆయన్ను మహాత్ముణ్ణి చేయనక్కరలేదు. 1970 గవర్నరు ఎన్నికల్లో వివక్షను సమర్థించేవాళ్ళ ఓట్లు పోకుండా గడుసుగానే మాట్లాడారు. గెలిచి, 1971 జనవరిలో ప్రమాణం చేసిన రోజున మాత్రం జాతి వివక్షకు కాలం చెల్లిందని అందరి ముఖాన చెప్పారు. 1977 జనవరి నుంచి 1981 జనవరి దాకా అధ్యక్షులు. 1978 జనవరిలో మన దేశానికి వచ్చారు. హర్యానాలో ఒక పల్లె చూడటానికి వెళితే ఊరివాళ్ళు తమ ఊరి పేరే కార్టర్‌పురి అని మార్చుకున్నారు. కాని అదే రాకలో, మహారాష్ట్రలోని తారాపూర్ అణువిద్యుత్ కేంద్రానికి ఇంధనం ఇచ్చే విషయంలో మన ప్రధాని మొరార్జీ దేశాయ్ గారికి ఘాటుగా ఉత్తరం రాయాలని తన మంత్రితో గుసగుసగా అన్న మాట మైకులో పడి పత్రికలకెక్కింది. అతిథి మర్యాదకు అది మచ్చే.

ఆయన చేసిన గొప్ప పని 1978 సెప్టెంబరులో జరిగింది. ఈజిప్టు అధ్యక్షుడు సాదత్‌నూ ఇజ్రాయెల్ ప్రధాని బెగిన్‌నూ క్యాంప్ డేవిడ్‌లో పదమూడు రోజులు కూర్చోబెట్టారు. చివరికి బెగిన్ లేచి వెళ్ళిపోతానన్నారు. ఆయన తన మనవలకోసం కార్టర్ సంతకంతో ఫొటోలు అడిగి ఉన్నారు. కార్టర్ ఒక్కొక్క ఫొటో మీద ఒక్కొక్క మనవడి పేరు, మనవరాలి పేరు రాసి తానే తీసుకెళ్ళి ఇచ్చారు. ఆ పేర్లు చదువుతూ బెగిన్ కళ్ళు చెమర్చాయి. బేరం మళ్ళీ మొదలైంది. 1979 మార్చి 26న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రెండు దేశాల మధ్య సంధి కుదర్చడానికి తాతల మనసు తెలిసుండటం కూడా పనికొచ్చిందన్నమాట.

తర్వాత గ్రహచారం తిరగబడింది. ఇరాన్‌లో బందీలైన 52 మంది అమెరికన్లు 444 రోజులు బయటికి రాలేదు. 1980 ఏప్రిల్‌లో వాళ్ళను విడిపించబోయి ఎనిమిది మంది సైనికులు చనిపోయారు. ధరలు మండిపోయాయి, 1980 చివర్లో అక్కడి బ్యాంకుల ప్రధాన వడ్డీ రేటు ఇరవై శాతం దాటింది. ఇరవై శాతం వడ్డీకి అప్పు తెచ్చుకున్నవాడు ఓటు ఎవరికి వేస్తాడు? చిత్తుగా ఓడిపోయారు. ఆయన పదవి దిగిన రోజే బందీలు విడుదలయ్యారు.

ఓడలు బళ్ళవడమంటే చూడండి. యాభై ఆరేళ్ళ వయసులో ఊరికి తిరిగొచ్చి పద్దులు తీస్తే, పదవిలో ఉండగా ఇతరుల చేతికి అప్పగించిన వేరుశనగ వ్యాపారం కరువుల్లో చితికిపోయి సుమారు పది లక్షల డాలర్ల అప్పు తేలింది. గిడ్డంగులు అమ్మేశారు. అప్పు తీర్చారు. ఇల్లు, పొలం మిగిలాయి. పెద్ద కంపెనీల బోర్డుల్లో కూర్చుని సంపాదించుకునే దారి తెరిచే ఉంది. వద్దనుకున్నారు. బల్ల ముందు కూర్చుని పుస్తకాలు రాశారు. ముప్ఫైకి పైగా రాశారు. వాటి మీద బతికారు. 1961లో కట్టుకున్న ఆ మామూలు ఇంట్లోనే చివరిదాకా ఉన్నారు. బ్యాంకులో ఎన్నో రుణఖాతాలు చూశాను. అప్పుల్లో పడినవాళ్ళు ముందుగా చేసేది దర్జా కాపాడుకోవడం. అందుకోసం ఇంకో అప్పు చేస్తారు. ఉన్నది అమ్మి అప్పు తీర్చి, చిన్న ఇంట్లో తలెత్తుకు బతకడం చేతనైనవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

1982లో భార్యాభర్తలిద్దరూ కార్టర్ సెంటర్ పెట్టారు. ఎన్నికలకు పరిశీలకులుగా దేశదేశాలు తిరిగారు. అన్నిటికన్నా నాకు నచ్చిన పని నారికురుపు నిర్మూలన. మంచినీటిలో కంటికి కనబడని జీవితో కడుపులోకి పోయి, ఏడాదికి కాలిలోంచి దారంలా బయటికొచ్చే ఆ పురుగును మన పెద్దవాళ్ళు చాలామంది చూసే ఉంటారు. ఒకప్పుడు ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర పల్లెల్లోనూ ఉండేది. దానికి టీకా లేదు, మందు లేదు. నీళ్ళు గుడ్డలో వడగట్టుకోవడం, కురుపు ఉన్నవాణ్ణి చెరువులో, దిగుడుబావిలో దిగనివ్వకపోవడం, ఇంతే వైద్యం. మన దేశం తన సొంత కార్యక్రమంతో ఆ పని చేసి, 1996లో చివరి రోగిని చూసింది. 2000లో దేశం నారికురుపు లేనిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. కార్టర్ సెంటర్ 1986లో ఈ పనికి పూనుకునేనాటికి ప్రపంచంలో ఏటా 35 లక్షల మంది దీనితో మంచాన పడేవారు. 2024లో లెక్క 15. లక్షలు కాదు, పదిహేను మంది. తనకంటే ముందు ఆఖరి పురుగు పోవాలని కోరుకున్నారు. ఆ కోరిక తీరలేదు, కాని ఆ పదిహేనును చూస్తే ఎంత బాకీ వసూలైందో తెలుస్తుంది.

1984 నుంచి ఏటా ఒక వారం పేదలకు ఇళ్ళు కట్టే పనికి భార్యతో కలిసి సుత్తి పట్టుకుని వెళ్ళేవారు. 2006లో మన లోనావాలా దగ్గరికే వచ్చారు. అప్పటికి ఆయనకు ఎనభై రెండేళ్ళు. రెండు వేల మంది కార్యకర్తలతో కలిసి సుమారు వంద ఇళ్ళు కట్టారు. తల్లి విక్రోలిలో, కొడుకు లోనావాలాలో. నలభై ఏళ్ళ తేడాతో ఒకే రైలు మార్గం పక్కన.

ఆదివారం వస్తే ఎక్కడున్నా ప్లెయిన్స్‌లోని మారనాత బాప్టిస్టు చర్చికి చేరుకోవడానికి చూసేవారు. అక్కడ ఆయన డీకను. కుర్రవాడిగా నౌకాదళ అకాడమీలో మొదలుపెట్టిన సండే స్కూలు పాఠం తొంభై అయిదేళ్ళదాకా చెప్పారు. చర్చి ఆవరణలో గడ్డి తానే కోసేవారు, రోజలిన్ గారు అక్కడి బాత్‌రూములు కడిగేవారు. కానుకల పళ్ళేలు ఆయన తన వడ్రంగి శాలలో చెక్కతో స్వయంగా చేసినవి. 2000 సంవత్సరంలో, స్త్రీలు పాస్టర్లు కారాదన్నందుకు తాను పుట్టి పెరిగిన దక్షిణ బాప్టిస్టుల పెద్ద సంఘంతో తెగతెంపులు చేసుకున్నారు. సంఘం విడిచారు గాని ఊళ్ళో తన చిన్న చర్చి విడవలేదు. 2015లో క్యాన్సరు మెదడుకు పాకిందని చెప్పిన కొద్ది రోజులకే మళ్ళీ పాఠానికి నిలబడ్డారు. వందలాది జనం వరసలో నిలుచున్నారు. 2019లో ఇంట్లో పడి నొసటికి కుట్లు పడితే, కట్టుతోనే ఇళ్ళు కట్టే చోటికి వెళ్ళారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చలో ఓడి, ఇంట్లో గెలిచారు. అదీ అంత సులువుగా కాదు. 1987లో ఇద్దరూ కలిసి ఒక పుస్తకం రాయబోయి, జరిగింది జరిగినట్టు ఎవరికి గుర్తుందో తేలక, మాటలు కూడా మానుకుని ఉత్తరాల మీద నడిచేదాకా వచ్చింది. చివరికి ఒప్పందం కుదరని చోట్ల ఎవరి పేరా వాళ్ళు రాసి, పక్కన జె అని ఒకరు, ఆర్ అని ఒకరు గుర్తు పెట్టుకున్నారు. పోట్లాట మర్నాటికి మిగలకూడదని తర్వాత నియమం పెట్టుకున్నారు. రాత్రి పడుకోబోయే ముందు ఇద్దరూ కలిసి బైబిలు చదువుకునేవారు, భాష మరిచిపోకుండా ఉంటుందని స్పానిష్‌లో. మన పిల్లలకు తెలుగు నిలవడం లేదని సభల్లో వాపోతుంటాం. నిద్రకు ముందు ఒక్క పేజీ చాలునని ఆ ముసలివాళ్ళు చేసి చూపించారు.

2023 ఫిబ్రవరిలో ఇక ఆసుపత్రులు చాలని ఇంటికి వచ్చారు. కొద్ది రోజులే అనుకున్నారందరూ. అదే ఏడాది నవంబరు 19న రోజలిన్ గారు తొంభై ఆరో ఏట ముందు వెళ్ళిపోయారు. డెబ్భై ఏడేళ్ళ కాపురం. చక్రాల కుర్చీలో, ఒళ్ళో దుప్పటితో ఆయన అంత్యక్రియలకు వచ్చారు. ఆ దుప్పటి మీద భార్య ముఖమే ఉంది. తర్వాత ఇంకో ఏడాది పైన బతికి, నూరో పుట్టినరోజు చూసి, ఓటు కూడా వేసి, వెళ్ళారు. 2025 జనవరి 9న వాషింగ్టన్‌లో జరిగిన అంత్యక్రియల్లో, ఆయన చేతిలో ఓడిన ఫోర్డు ఎప్పుడో రాసి ఉంచిన సంతాప ప్రసంగాన్ని ఫోర్డు కొడుకు చదివారు. ఉపాధ్యక్షుడుగా పనిచేసిన మాండేల్ రాసి ఉంచినది ఆయన కొడుకు చదివారు. రాసినవాళ్ళిద్దరూ ముందే పోయారు. ఎన్నికల్లో ఓడించినవాడి గురించి మంచి మాట రాసి ఇంట్లో భద్రపరిచారంటే ఇద్దరూ పెద్దమనుషులే. ఆ సాయంత్రం ప్లెయిన్స్‌లో ఇంటి ఆవరణలో, భార్య పక్కన ఆయనను ఉంచారు. నౌకాదళ విమానాలు పైనుంచి ఎగిరి వందనం చేసి వెళ్ళాయి.

మనలో చాలామందికి ఉద్యోగమే ముఖచిత్రం. మేనేజరుగారు, సూపర్నెంటుగారు, హెడ్మాస్టరుగారు అని పిలిపించుకోవడం అలవాటై, ఆ పిలుపు ఆగిన మర్నాడు ఏం చేయాలో తోచక రక్తపోటు తెచ్చుకుంటాం. ప్రావిడెంటు ఫండు ఎంత, గ్రాట్యుటీ ఎంత అని నన్ను అడిగేవాళ్ళు చాలామంది. రిటైరైన తర్వాతి సోమవారం పొద్దున పది గంటలకు ఏం చేస్తారని నేను తిరిగి అడిగితే జవాబు చెప్పినవాళ్ళు తక్కువ. కార్టర్ పదవిలో ఉన్నది నాలుగేళ్ళు, పదవి దిగాక బతికింది నలభై మూడేళ్ళు చిల్లర. పెద్ద పనులు మనవల్ల కాకపోవచ్చు. పద్దులు రానివాళ్ళకు పద్దులు రాసి పెట్టవచ్చు, పింఛను ఫారాలు నింపి పెట్టవచ్చు, ఆదివారం పూట మన సంఘం గదిలో నలుగురు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించవచ్చు. నేను రెండోది, మూడోది చేస్తానని మా ఆవిడకు చెప్పాను. ఊరికి పోయే సంగతి మాత్రం ఇద్దరం కలిసి తేల్చుకుందామంది. సరేనన్నాను.

మీ ఇళ్ళలో రిటైరై ఏదో ఒక పని పట్టుకున్న పెద్దలుంటే, వాళ్ళేం చేస్తున్నారో ఒక కార్డు ముక్క రాసి సంపాదకుల చిరునామాకు పంపండి. వచ్చే సంచికలో వడ్డీ రేట్ల మాట మళ్ళీ మొదలుపెడదాం.